కోళ్లక్కా, ఆమె అల్లుడూ

కిందటి నెల ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, నా పక్కన కూర్చున్న ఒకావిడ ఏదో పేరు చెప్పి, "ఆమె బెల్లంపల్లిల పోయిందట గదా, నీకెర్కేనా?" అని అడిగింది. ఆ పేరుగల మనిషి నాకెవరూ తెలియదు. అదే చెప్పాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"అదేందే, ఒక్క గోడకు అటు ఇటు ఉంటిరి గదా! నక్కను గంపల పెట్టుకోని గోదారి దాటించినామె" అంది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మనిషి పోయిందని విన్నాక ముందు దుఃఖం రావాలి. నాకు దుఃఖానికి ఆ పేరు అడ్డం వచ్చింది. ఇన్నేళ్లకు ఎవరో ఒక కొత్త పేరు తెచ్చి ఇదే మీ కోళ్లక్క అంటే, ఎవరి కోసం ఏడవాలో తెలియనట్టు అయింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకెవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది.

మేమంతా ఆమెను కోళ్లక్క అనే పిలిచేవాళ్లం. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. అడిగినా జవాబు పూర్తిగా దొరికేది కాదేమో. ఆమె ఏదైనా చెబుతుండగా పెరట్లో అలికిడి అయ్యేది. కొంగు నడుముకు చుట్టి పరుగెత్తేది. తిరిగొచ్చాక ఇంకో ముచ్చట మొదలుపెట్టేది. పుట్టింటి గురించీ, పెళ్లి గురించీ, చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన చెల్లెలి గురించీ ఆమె చెప్పిన కథలన్నీ నా దగ్గర సగం సగమే ఉన్నాయి. ఆ చెల్లెలు దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను గోదావరిఖనికి కాపురానికి వచ్చింది పంతొమ్మిది వందల అరవైల చివర. మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. అక్కడ వ్యవసాయం వదిలి మావారు బొగ్గుబాయిలో పనికి చేరారు. అడవి కొట్టి బాయిలు తవ్వుతున్న కాలం. మా క్వార్టర్లది చిట్టచివరి వరుస. పెరటి గోడ దాటితే తుప్పలు, తుప్పలు దాటితే ఇసుక, ఆపైన గోదావరి. షిఫ్టు సైరన్ మోగితే తుప్పల్లోంచి నక్కలు దానికి బదులు పలికినట్టు ఊళ పెట్టేవి. మొదట్లో ఏది సైరనో ఏది నక్కో నాకు తెలిసేది కాదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాటి పొద్దున వాకిలి ఊడుస్తుంటే పక్కింటి గోడమీంచి ఒక తల కనిపించింది. సన్నటి నల్లటి ముఖం, ఒక కన్ను సగం మూసి చూసే చూపు.

"తెల్లారగట్ల అల్లుడొచ్చిండు పిల్లా. నల్ల పెట్టను తిన్నడు. ఈకలు సుత మిగలనియ్యలే" అంది.

కొత్తదాన్ని కదా, మర్యాదగా అడిగాను. "మొత్తం ఒక్కడే తిన్నడా అక్కా?"

"ఒక్కడే. తినుకుంట తినుకుంట తుప్పలల్లకు పోయిండు."

నేను భయపడి లోపలికి వెళ్లి, పక్కింటివాళ్ల అల్లుడికి మతి సరిగా లేనట్టుందని మావారికి చెప్పాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న మనిషి, లేచి కూర్చుని నవ్వారు. "వాళ్లకు పిల్లలే లేరు. అల్లుడు ఏడికెళ్లి వస్తడు? నక్క ముచ్చట చెప్తున్నది వదినె."

ఆ తర్వాత ఆమెనే అడిగాను, నక్కను అల్లుడనడం ఏమిటని. "కోడి కోస్తెగాని పోడు గదా" అంది. కొన్నాళ్లకు మళ్లీ అడిగితే, "నక్క అని పేరు పెట్టి పిలిస్తే వస్తది. అందుకే అనను" అంది.

"మొన్న వేరే చెప్పినవు గదక్కా!"

"రెండూ నిజమే పిల్లా."

ఆమె మాట అది. ఎక్కడ పొంతన కుదరకపోయినా, రెండూ నిజమే అనేది. తప్పించుకోవడానికి అంటున్నట్టు ఉండేది కాదు. ముఖం చూస్తే నిజంగానే ఆమెకు రెండూ కనిపిస్తున్నట్టు ఉండేది.

ఆ కోళ్లు ఆమెకు సరదా కాదు. ఆమె భర్తను నేను బావ అనేదాన్ని. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. వాళ్లది బెల్లంపల్లి నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, తండ్రి కాలం నుంచీ బాయి పనే. నేను రాకముందు ఒకసారి కప్పు కూలి, బండ అవతల ఆయన ఒక్కడే చిక్కుకుపోయాడట. ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కేదాకా తవ్వి బయటికి తీశారట. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు దుమ్ము వల్ల వచ్చిందా, భయం వల్ల వచ్చిందా అని కాలనీలో రెండు రకాలుగా చెప్పుకునేవారు. దవాఖానలో డాక్టరు మాత్రం పొద్దున్నే పాలల్లో గుడ్డు కొట్టి తాగించమన్నాడు. ఆ రోజు నుంచి ఆమె కోళ్లను పెంచింది.

"కోడి లేకుంటే గుడ్డు లేదు. గుడ్డు లేకుంటే..." అని ఆగేది. ఆ వాక్యం మాత్రం పెరట్లో అలికిడి లేకుండానే సగంలో ఆగిపోయేది.

అందుకని నక్కతో ఆమెది ఆషామాషీ తగువు కాదు. బొగ్గు మోసే టబ్బుల విరిగిన చెక్కలతో గూడు కట్టింది. చుట్టూ రేగుకంప పేర్చింది. తీగకు పాల డబ్బాలు కట్టి వేలాడదీసింది, గాలి వీస్తే వరుస వరుసంతా గలగలమనేది. పొద్దుమీకుతుంటే "బో బో బో" అని పిలిచి, ఒక్కొక్క కోడినీ చేత్తో తడిమి లోపలికి తోసేది. కొన్నాళ్లు బావ విప్పిన డ్యూటీ బట్టలు ఉతక్కుండా గూడు చుట్టూ ఆరేసింది. మగమనిషి చెమట వాసనకు నక్క దగ్గరికి రాదని ఆమె నమ్మకం. బావకు బాయి దిగే పని మాన్పించి పైన తేలిక పని ఇచ్చాక ఆ బట్టలకు చెమట వాసన పోయింది. అప్పుడు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడి, ఏ మొహమాటం లేకుండా మావారి బనీన్లు అడిగింది.

"ఉతికినవి కాదు పిల్లా, కంపు కొట్టేటివి ఇయ్యి."

మావారు సిగ్గుతో లోపలి గదిలోంచి బయటికి రాలేదు. బనీన్లు పోయాయి. వాటిని నక్క చింపిపోయింది. కోడినీ పట్టుకుపోయింది.

చివరికి ఒక ఎండాకాలం, ఇలా లాభం లేదని, పొద్దుమీకకముందే కోళ్లన్నిటినీ ఇంట్లో గంపల కింద కమ్మి, ఖాళీ గూట్లో కోడి పేగులు పెట్టి, నక్క లోపలికి దూరగానే తలుపు చెక్క జారి పడేలా తాడు కట్టింది. మర్నాడు ఆదివారం. తెల్లవారేసరికి గూట్లో నక్క ఉంది.

వరుస వరుసంతా పెరట్లోకి వచ్చేసింది. కొందరి చేతుల్లో కర్రలు. మావారు బొగ్గు ఎత్తే పార పట్టుకొచ్చారు. నేను నక్కను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. కోళ్లను తినే మృగం అనుకున్నాను. బక్కచిక్కిన కుక్కలా ఉంది. ఒక మూలకు నక్కి, ముందుకాళ్లతో చెక్కను గోకుతోంది.

"జరుగు వదినే, ఒక్క దెబ్బల అయిపోతది" అన్నారు మావారు.

కోళ్లక్క గూడు ముందు నిలబడింది. "ఇయ్యాల ఆదివారం. చర్చికి పోయే దినం. నా వాకిట్ల నెత్తురు వద్దు."

"మరి రేపు సంపుదామా?" ఎవరో అడిగారు.

"ఇది అది కాదు. నా కోళ్లను తిన్నదానికి చెవి చినిగి ఉంటది. దీని చెవులు మంచిగున్నయి చూడున్రి."

అందరం చెవులు చూశాం. చెవి చిరిగిన నక్క గురించి అంతకుముందు ఆమె ఎన్నడూ చెప్పగా వినలేదు. జనం గొణుక్కుంటూ, నవ్వుకుంటూ, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మావారు కూడా పార భుజాన వేసుకుని, "గీమె ఏందో నాకు సమజైతలేదు" అంటూ లోపలికి వెళ్లారు.

అప్పుడు బావ బయటికి వచ్చాడు. గొంగడి చుట్టుకుని, దగ్గుతూ. గూడు పైచెక్క లేపి, ఆ గొంగడిని నక్క మీద కప్పి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. కాళ్లకూ మూతికీ మెత్తటి బట్ట కట్టాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. రాత్రే అనుకున్నట్టున్నారు. దాన్ని గొంగడితో సహా మూతగంపలో పెట్టి, ఆమె తలమీదికి ఎత్తి, నాతో, "మరదలా, తోడు పోయిరా" అన్నాడు.

నేను వెళ్లాను. ఎందుకు వెళ్తున్నానో, ఎక్కడికి వెళ్తున్నానో అడగాలని కూడా తోచలేదు. చర్చి గంట మోగుతుంటే మేం వరుసల మధ్యలోంచి నడిచాం. గంప లోపల గుర్రుమంటోంది. ఎదురొచ్చినవాళ్లు, "గంపెత్తుకోని ఎటు పోతున్నవక్కా?" అంటే, ఆమె ఆగకుండానే, "అల్లున్ని సాగనంపుతున్న" అంది. కొందరు నవ్వారు. కొందరు నా ముఖం చూశారు. నా ముఖంలో వాళ్లకేం దొరుకుతుంది!

గోదావరి అప్పటికి చిక్కిపోయి, ఇసుక మధ్య ఒక పాయగా పారుతోంది. చీరలు ఎత్తి కట్టి మోకాలి లోతు నీళ్లలో దాటాం. అవతలి ఒడ్డెక్కి, తుప్పల అంచున గంప దించి, గొంగడి మీంచి మోకాలితో అదిమి, చాకుతో కట్లు కోసి, "పో బిడ్డా" అని పక్కకు జరిగింది.

నక్క లేచింది. ఒళ్లు విదిలించుకుంది. ముందు ఆ తుప్పలవైపు చూసింది, తర్వాత మావైపు చూసింది. ఏం చెయ్యాలో దానికీ తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడింది. ఆ తర్వాత మా పక్క నుంచే, తొందర లేకుండా, ఒడ్డు దిగి నీళ్లలోకి వెళ్లింది. మేం దాటిన చోటే దాటింది. మా ఒడ్డెక్కి, క్వార్టర్లవైపు పరుగు తీసింది.

కోళ్లక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ నవ్వు ఆగలేదు. "మనకంటే ముందే ఇంటికి చేరుతదక్కా!" అంటూ పొట్ట పట్టుకున్నాను. ఎప్పుడు మారిందో తెలియదు, చూసేసరికి ఆమె ఇసుకలో కూలబడి ఏడుస్తోంది.

"ఈడ దానికెవలున్నరే పిల్లా, ఉంటానికి!" అంది.

నేను నవ్వు ఆపుకోలేక, ఏడుపు రాక, పక్కన నిలబడ్డాను. తిరిగి వస్తుంటే అడిగాను, నిజం చెప్పక్కా, ఎందుకు చంపనియ్యలేదని.

"మీ బావ వద్దన్నడు. చీకట్ల అది చెక్క గోకుతుంటే ఆయనకు నిద్ర పట్టలే. బండ అవుతల ఆయన గూడ గట్లనే గోకిండట."

"మరి ఆదివారమంటివి. చెవి చినిగిందంటివి."

"అన్నీ నిజమే" అంది. ఆ రోజు మాత్రం రెండూ అనలేదు.

ఇంటికి రాగానే బావ మంచంలోంచి, "పోయిందా?" అని అడిగాడు.

"పోయింది. అవుతలి ఒడ్డుకు తుప్పలల్లకు ఉరికింది. ఎనుకకు సుత సూడలే" అంది కోళ్లక్క. నేను అక్కడే ఉన్నాను. నావైపు చూడలేదు. బావ తృప్తిగా అటు తిరిగి పడుకున్నాడు.

ఆ మాటతో ఆమె పని మరింత కష్టమైంది. కొద్దిరోజుల్లోనే నక్క మళ్లీ రావడం మొదలుపెట్టింది. అదే నక్కో, వేరేదో, ఎవరు చెప్పగలరు! అదే అయితే బావకు తెలియకూడదు. అందుకని ఆమె డబ్బాలన్నీ విప్పేసింది. కేకలు మానేసింది. పొద్దుమీకే వేళ పెరట్లోకి చూస్తే, చప్పుడు కాకుండా చేతులూపుతూ, పళ్లు బిగించి, చీపురు తిప్పుతూ, తుప్పల అంచు దాకా పరుగెత్తే కోళ్లక్క కనిపించేది. మూగసైగలతో తిట్టేది. ఒక కోడి పోయిన రోజు, బావ అడిగితే, "పొదగేసిన, గంప కింద ఉన్నది" అని చెప్పింది. చూస్తే నాకు నవ్వొచ్చేది, నవ్వలేకపోయేదాన్ని.

ఒకరోజు ఆమె చర్చికి వెళ్లినప్పుడు బావకు గంజి ఇవ్వడానికి వెళ్లాను. ఆయన బాగా చిక్కిపోయాడు. గిన్నె అందుకుని మెల్లగా అడిగాడు.

"అది మల్ల వస్తున్నది గదా మరదలా?"

నేను మంచం పక్కన ఉన్న చెంబు తీసి నీళ్లు వంచాను.

"నాకు తెల్సు. సైరన్ కాంగనే దాని కూత గీ గోడ పక్కకెళ్లే వినస్తది. ఆమెకు చెప్పకు, నాకు తెల్సని. పాపం, సప్పుడు చెయ్యకుంట ఉరుకుతున్నది."

అప్పటినుంచి ఆ ఇంటికి వెళ్లాలంటేనే నాకు తికమకగా ఉండేది. ఇటు ఆమె నాతో కళ్లతో మాట్లాడేది, అటు ఆయన కళ్లతో మాట్లాడేవాడు. ఇద్దరి మధ్యా నేను గిన్నెలు పట్టుకుని నిలబడేదాన్ని.

వానలు పడే రోజుల్లో, ఒక పొద్దున, గుడ్డు కలిపిన పాలు గ్లాసులో ఉండగానే బావ పోయాడు. చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేసి, వానలోనే తీసుకెళ్లి సమాధి చేశారు. కోళ్లక్క ఏడవలేదు. బంధువులు ఉన్నన్ని రోజులు ఉండి వెళ్లారు. ఆమె పొయ్యి వెలిగించడం మానేసింది. నేను పెట్టిన అన్నం కోళ్లకు వేసేది. పొద్దుమీకితే గూడు తలుపు మూసేది కాదు.

మరిచిపోయిందనుకుని నేను వెళ్లి మూశాను. ఆమె వచ్చి తెరిచింది. మర్నాడూ అంతే.

"ఏందక్కా, నక్క వస్తది గదా!"

"రానియ్యి. ఇగ ఎవలకు కావాలె గుడ్లు?"

విచిత్రమేమంటే నక్క రాలేదు. తలుపు బార్లా తెరిచి ఉంచినా చాన్నాళ్లు రాలేదు. కోళ్లు తడుస్తూ, బెదురుతూ, కనిపించిన కొమ్మల మీద ఎక్కి కూర్చున్నాయి. ఆమె గోడ దగ్గర నిలబడి తుప్పల్లోకి చూసేది. ఒకరోజు గొంతెత్తి, "రావేంది? ఇన్నొద్దులు రానీకి చేతనైంది గదా, ఇప్పుడేమాయె?" అని అరిచింది. వరుసలోవాళ్లు మతి చలించిందన్నారు. ఆమె తమ్ముణ్ని పిలిపించి బెల్లంపల్లి పంపిద్దామని మావారు కూడా అన్నారు.

ఆమెను కాస్త మనుషుల్లోకి తేవాలని, ఆ సాయంత్రమే, బావ అన్నది చెప్పేశాను. నక్క తిరిగొచ్చిందని ఆయనకు తెలుసని.

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. "ఆయనకు తెల్సని నాకు తెల్వదా?" అంది.

"మరి ఎవల కోసమక్కా గా దాపరికం? చీపురు పట్టుకోని గట్ల సప్పుడు లేకుంట ఉరుకుడు?"

లేచి మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. నేనే మూర్ఖురాలినేమో, ఎంత ఆలోచించినా ఇప్పటికీ అది నాకు తేలలేదు.

ఆ తర్వాత ఆమె బెల్లంపల్లి వెళ్లిపోయింది. అయితే నాకు బాగా గుర్తున్నది అంతకుముందు ఒక సాయంత్రం చూసిన కోళ్లక్క. వాన తెరిపిచ్చింది. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. నేను గోడ ఇవతల బట్టలు తీస్తున్నాను, ఆమె అవతల ఊరికే నిలబడి ఉంది. తుప్పల్లోంచి నక్క వచ్చింది. ఆమె దాన్ని చూసింది, కదల్లేదు. అది ఆమె ముందు నుంచే, చూస్తుండగానే, తెరిచిన గూటి దగ్గరికి వెళ్లి ఎర్రకోడి మెడ పట్టుకుంది. కోడి కీచుమంది.

కోళ్లక్క కొంగు దోపింది. చీపురు లేదు, కర్ర లేదు, ఒట్టి చేతులతో, "ఓరి నీ పాడుగాను! ఇడువు! ఇడువురా!" అని వరుస వరుసంతా అదిరేలా కేకలు పెడుతూ పరుగెత్తింది. తడిసిన తుప్పల్లోకి మాయమైంది. కేక మాత్రం దూరం దూరంగా వినిపిస్తూనే ఉంది. మావారూ నేనూ వెనకాల పరుగెత్తేలోపే తిరిగొచ్చింది. చీర చిరిగింది, మోచేతుల నిండా ముళ్లు. చేతుల్లో ఎర్రకోడి. మెడ దగ్గర ఈకలు ఊడి, నెత్తురు కారుతోంది గాని, కళ్లు తెరిచే ఉంది.

ఆమె తన ఇంటికి వెళ్లలేదు. మా గుమ్మంలో కూర్చుంది. రొప్పు తగ్గేదాకా, నేను తెచ్చిచ్చిన పసుపు కోడి మెడ మీద వేలితో అద్దింది.

"రమ్మని నువ్వే పిలుస్తివి గదక్కా, మల్లెందుకు ఉరికినవు?" అన్నాను.

"నాకేం తెల్సు పిల్లా! కాళ్లు ఉరికినయి." ముక్కు ఎగబీల్చి, "ఏం వండినవు?" అంది.

"చింతపులుసు."

"పెట్టు. ఆకలైతున్నది."

కోడిని ఒళ్లో పెట్టుకునే తిన్నది. పెద్ద పెద్ద ముద్దలు, ఎవరో లాక్కుపోతారన్నట్టు తిన్నది. కళ్లలోంచి నీళ్లు పళ్లెంలో పడుతున్నా ఆగలేదు. నేను గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. సగం తిన్నాక తలెత్తి, ఒక కన్ను సగం మూసి నావైపు చూసింది.

"ఉప్పు తక్కువేసినవు" అంది. ఇంకా పెట్టమని పళ్లెం ముందుకు జరిపింది.